ఔననుటయు కాదనుటయు



ఈ పత్రికయందు పిండివంటలను గూర్చియు, బిడ్డల జబ్బులను గూర్చియు, నోములను గూర్చియు వ్రాయగల విదుషీమణులు పెక్కుమంది కలరు. వారివలె మీకు బోధింపదగిన నేర్పు నాయొద్ద లేదు. నా 34వ యేట, ఇద్దఱు బిడ్డల తల్లినై యుండియు, మా నగరమునందలి యొక విశ్వవిద్యాలయపు సాయంకాల తరగతిలో కూర్చుండి, నిత్యవ్యవహారమునకు చాలునంత యింగ్లీషు మాటలాడుట నేర్చుకొంటిని. ఆ ముచ్చట చెప్పుదమని కలము పట్టితిని. అయితే ఆ చదువు వెనుక నేను సిగ్గుపడిన సంగతి యొకటి యున్నది. దానిని దాచి తక్కినది చెప్పినచో ఉప్పులేని పప్పువలె నుండును. కావున మొదట దానినే చెప్పెదను.

మాది మెదకు సీమ. కాళిదాసకావ్యములకు వ్యాఖ్యలు వ్రాసిన మల్లినాథసూరి పుట్టినయూరు మా ప్రాంతముననే కలదని పెద్దలు చెప్పుదురు. మా నాన్నగారు సంస్కృతపండితులు. చిన్ననాట నేను కీళ్లజ్వరముతో రెండేండ్లు మంచము పట్టితిని. అటుపిమ్మట నన్ను దూరపు బడికి పంపుటకు అమ్మ యొప్పుకొనలేదు. కావున నా చదువంతయు నాన్నగారి చాపమీదనే. అమరకోశము, రఘువంశము, తిక్కనగారి విరాటపర్వము, చిన్నయసూరిగారి బాలవ్యాకరణము, ఇవియే నా బడి. ఇంగ్లీషు కూడ నాన్నగారే చెప్పిరి. కాని యా చెప్పుట సంస్కృతము చెప్పినట్లే. పాత రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణము ముందిడుకొని, కర్త యేది, కర్మ యేది, క్రియ యేది యని అన్వయము చేయించెడివారు. పదవ తరగతియు, ఇంటర్మీడియటును ఇంటనుండియే పరీక్షలు వ్రాసి గట్టెక్కితిని. నిఘంటువు ప్రక్కనుంచుకొన్నచో ఇంగ్లీషు పత్రిక చదివి గ్రహింపగలను. ఆ భాషలో నోరు విప్పి మాటలాడవలసిన యగత్యము మాత్రము నాకెన్నడును కలుగలేదు.

కలుగలేదనుట సరికాదు. కలిగినప్పుడెల్ల మావారుండిరి. బ్యాంకులో వారే మాటలాడుదురు. పిల్లల బడిలో వారే మాటలాడుదురు. ఎక్కడనుండియో ఫోను చేసి ఇంగ్లీషున గడగడ చదువువారికి వారే బదులు చెప్పుదురు. నేను వెనుక నిలుచుండి తల యూపెడిదానను. పదునాలుగేండ్ల కాపురములో నా యింగ్లీషు నోరు మావారి నోరే. అందులో నాకు లోపమేదియు కనబడలేదు. ఇంటిలో నొకరికి ఈత వచ్చినచో చాలదా యని తలంచితిని.

మావారు సాంఘికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు. తరగతికి 60 మంది పిల్లలు. కిటికీ కవతల రహదారి. పదునెనిమిదేండ్లుగా ఆ రొదకు పైగా గొంతెత్తి పాఠములు చెప్పుచుండిరి. 2022 దసరా నాటికి వారి కంఠము బొంగురువోయెను. జలుబనుకొని మిరియాల కషాయము కాచి యిచ్చితిని. కార్తికము గడచినను తగ్గలేదు. చెవి ముక్కు గొంతు వైద్యులు సన్నని గొట్టము లోనికి పంపి చూచి, స్వరతంత్రులలో నొకదానిపై బుడిపె లేచినదనిరి. పురుషుడు మాటలాడునపుడు ఆ తంత్రులు రెండును సెకనుకు నూఱుమాఱులకు పైగా ఒకదానినొకటి తాకునట. రోకలి పట్టిన చేతికి కాయ కాచినట్లే, దినదినము గొంతు చించుకొనువారి తంత్రులపై ఇట్టివి లేచునట. ఉపాధ్యాయులకును, గాయకులకును, వీథులలో కేక పెట్టి సరకు లమ్మువారికిని ఇది తఱచు వచ్చునని చెప్పిరి. రెండు నెలలు కంఠమునకు విశ్రాంతి యిచ్చి సాధనలు చేయించిరి. ఫలము లేకపోయెను. 2023 జనవరిలో శస్త్రచికిత్స నిశ్చయించిరి.

ముందునాటి సాయంకాలము ఆసుపత్రిలో చేరితిమి. అర్ధరాత్రి మొదలు మంచినీరైనను పుచ్చుకొనరాదని గట్టిగా చెప్పిరి. మత్తులో నున్నప్పుడు కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి జాఱు ప్రమాదము కలదట. నేను నీళ్లసీసాను గూడ మంచమునకు దూరముగా నుంచి, తెల్లవాఱువఱకు కాపలా కాచితిని. మావారు వైద్యుల యాజ్ఞచే మూడుదినములనుండి మౌనములో నుండిరి. చెప్పవలసినది కాగితముపై వ్రాసెడివారు.

ఉదయము ఏడు గంటలకు మత్తువైద్యులు వచ్చిరి. ఆయన తమిళులు, చిరకాలము ఇంగ్లండునందు పనిచేసి వచ్చినవారట, తెలుగు గాని హిందీ గాని రాదు. ఆ సమయమున మావారు స్నానాల గదిలో నుండిరి. నర్సు ప్రక్క వార్డులో నుండెను. ఆయన చీటి చూచుకొనుచు ఇంగ్లీషున నన్నడిగిన దిది: “అర్ధరాత్రినుండి ఆయన ఏమీ పుచ్చుకోలేదు గదా?” ప్రశ్న నాకు చక్కగా తెలిసినది. తెలిసినందుకు లోలోపల సంతోషించితిని కూడ. “యస్” అంటిని. ఔను, పుచ్చుకొనలేదని నా భావము. ఆయన కనుబొమలెత్తి, “వాటర్? టీ?” అనిరి. ఈయగూడని వస్తువులను వరుసగా చెప్పుచు, నేను వానిని ముట్టనీయలేదని నిశ్చయపఱచుకొనుచున్నారని తలంచి, మఱింత ధైర్యముతో “యస్ సర్, వాటర్, టీ, యస్” అంటిని. ఆయన చీటిపై నేమో వ్రాసికొని, తల యూపి వెడలిపోయిరి. నేనును తల యూపితిని.

పదిగంటలకు నర్సు వచ్చి, “టీ తాగించారటగదమ్మా! అంతగా చెప్పామే! ఇవాళ ఆపరేషను లేదు, రేపటికి మార్చారు” అనెను. నా కాళ్లక్రింద నేల కదలినట్లాయెను. మావారు దిగ్గున లేచి, చేతులాడించుచు, తాము గుక్కెడు నీరైనను త్రాగలేదని కాగితముపై పెద్దయక్షరములతో వ్రాసి చూపిరి. నర్సు పరుగున పోయి చెప్పి వచ్చెను గాని, అప్పటికే మఱియొక రోగిని లోనికి తీసికొనిపోయిరి. ఆనాటి వరుస తప్పిపోయెను. పదిగంటలు ఎండిన నోటితో కూర్చుండిన మనుష్యుడు మఱునాడు తిరిగి యంతయు పడవలసి వచ్చెను. ఒకనాటి గది యద్దె పైబడెను. ఇంటివద్ద మధుమేహముతో నున్న మా యత్తగారు, ఇద్దఱు పిల్లలను పెట్టుకొని ఇంకొకదినము మాకొఱకు ఎదురుచూచిరి. ఆసుపత్రివారిని నేను తప్పు పట్టను. ఇంటిమనిషి త్రాగించితినని చెప్పినపుడు వారు చేసినదే చేయవలసిన పని.

నేను గోడవైపు తిరిగి కూర్చుంటిని. మావారు ఆ కాగితమునే త్రిప్పి, వెనుకవైపున “నీ తప్పు కాదు, ఆ ప్రశ్నే వంకర” అని వ్రాసి నా చేతిలో పెట్టిరి. ఆ కాగితము నేటికిని నా యమరకోశములో నున్నది.

ప్రశ్న వంకరయే. కాని యా వంకర యెక్కడనున్నదో నాకు పలుదినములు తెలియలేదు. మన భాషలో “తినలేదు గదా?” అని యడిగినచో, తినకున్నయెడల “ఔను, తినలేదు” అందుము. మన ఔను అడిగినవారి మాటకు సమ్మతి. వారి ‘యస్’ అట్టిది కాదు. అడిగినవారి మాట యెట్లున్నను, పని జరిగినచో ‘యస్’, జరుగకున్నచో ‘నో’. మన ఔను మనుష్యునికి చెప్పునది. వారి యస్ జరిగిన పనికి చెప్పు సాక్ష్యము. ఇంత చిన్న భేదమును నా వ్యాకరణపుస్తకములో నేనెన్నడును చూచి యెఱుగను. ఉన్నదేమో, కర్మణిప్రయోగములను వల్లె వేయుచు పుటలు త్రిప్పివేసితిని కాబోలు.

మఱునాడు శస్త్రచికిత్స చక్కగా జరిగెను. పిమ్మట ఏడు దినములు పూర్ణమౌనము. గుసగుసలాడుట గూడ కూడదనిరి. గుసగుస గొంతును మఱింత బిగియబట్టునట. ఆ వారముననే బీమా సంస్థనుండి ఫోను వచ్చెను. మాటలాడినది వేఱు రాష్ట్రపు యువతి; ఇంగ్లీషు తప్ప సాగదు. ఒకదినముతో పోవలసినది రెండుదినము లేల పట్టెనని యామె ప్రశ్న. ఎదురింటి ఇంజనీరింగు కుఱ్ఱవానిని పిలిచి ఫోనిచ్చితిని. వాడు నాచేత సంగతి చెప్పించుకొని, మంచివాడే గాని, నవ్వు ఆపుకొనలేక, ‘ఆంటీ యస్ అని చెప్పారు’ అని ఆమెకు వివరించెను. నా తప్పును నాయెదుటనే మఱియొకరు నాకు పలుకరాని భాషలో చెప్పుచుండగా, నేను చేతులు కట్టుకొని వింటిని. ఆ రాత్రి మావారి పలకమీద నేనే వ్రాసితిని: “నేను మాట్లాడటం నేర్చుకుంటాను.” వారు దానిక్రింద టిక్కు పెట్టిరి. ఉపాధ్యాయుల యలవాటు!

ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయమువారు బయటివారికి సాయంకాలపు తరగతులు పెట్టుచున్నారని తెలిసి దరఖాస్తు చేసితిని. మా నగరమున ఇంగ్లీషు బోధన యొక పెద్ద విద్య. ఆ పనికై 1958లోనే ఇచ్చట నొక కేంద్రసంస్థ స్థాపింపబడి, 2007లో అది విశ్వవిద్యాలయమైనది. మొదట పరీక్ష యొకటి పెట్టిరి. వ్రాతలో మంచి గుణములే వచ్చెను. మాటల పరీక్షలో అధ్యాపకురాలు, మీ యిల్లెక్కడ, ఇచ్చటికెట్లు వచ్చితిరి, త్రోవలో నేమి చూచితిరి అని యడుగుచుండగా, మొదటి ప్రశ్నకు నేను సమాధానము కట్టునంతలో ఆమె మూడవ ప్రశ్నకు పోయిరి. ఈ రెంటిని కూడి సగము చేసి, నన్ను ‘ఇంటర్మీడియట్’ తరగతిలో చేర్చిరి.

ఆ మాట విని మా యత్తగారు తెల్లబోయిరి. “అదేమిటమ్మాయీ! నువ్వు ఇంటరు ఎప్పుడో పాసయ్యావుగా? మళ్లీ ఇంటరా?” మన సీమలలో ఆ మాటకు పదవ తరగతి పైనున్న రెండేండ్ల చదువనియే యర్థము గదా! ఇది మధ్యమస్థాయి యని ఆమెకు నచ్చజెప్పునప్పటికి వంట యైపోయెను. భాష నేర్చువారిని ఆఱు మెట్లుగా విభజించిన పద్ధతి యొకటి 2001లో ఐరోపాలో ప్రకటింపబడినదట. మూడవ మెట్టెక్కినవారు ప్రయాణములలో కలుగు చిక్కులను మాటలతో గట్టెక్కగలరు. తమ కెఱుకైన సంగతులను, అనుభవములను చెప్పగలరు. ఒక పని యేల చేసితిరన్నచో కారణము చెప్పగలరు. మా తరగతి యక్కడికి చేర్చుటకే. వాక్చాతుర్యము మాట యేమియు లేదు. కారణము చెప్పగలరన్నమాట వినగానే బీమావారి ఫోను గుర్తువచ్చి, నా మెట్టిదియే యని నిశ్చయించుకొంటిని.

తరగతిలో 22 మందిమి. ఒక కారు నడుపు యువకుడు, ఇద్దఱు పరిశోధక విద్యార్థులు, ఒక బట్టలకొట్టు యజమానురాలు, యెమెను దేశమునుండి వచ్చిన యొక యువతి, ఇంక పలువురు. అందఱకంటె ఎక్కువ మాటలు తెలిసినదానను నేను. అందఱకంటె తక్కువ మాటలాడినదానను నేనే. కారు నడుపు పిల్లవానికి పట్టుమని మున్నూఱు మాటలు రావు. కాని విమానాశ్రయమున దిగిన వారితో దినమంతయు వానితోనే నెగ్గుకొని వచ్చుచుండెను. వానిని చూచి మొదట నాకు చిన్నచూపు కలిగినదని యొప్పుకొనవలెను. “వాడి క్రియ తప్పు, వీడి విభక్తి తప్పు” అని మనసులో ఎఱ్ఱసిరాతో దిద్దుచుండెడిదానను. రెండవ వారమున ఫోనుమీద డాక్టరుతో మాటలాడు అభ్యాసము పెట్టిరి. వాడు తప్పులతోనే యైనను అడుగవలసినదంతయు అడిగి, రేపు పదకొండు గంటలకు రమ్మనిపించుకొనెను. నేను తప్పులేని యొక వాక్యము పూర్తిచేయునప్పటికి డాక్టరు పాత్ర ధరించిన పిల్ల ఫోను పెట్టివేసెను.

అధ్యాపకురాలు కేరళదేశీయురాలు, ఓర్పు గలవారు. 1930లో ఆగ్డెను అను నాంగ్లేయుడు 850 మాటలతోనే సామాన్యవ్యవహారము నడపవచ్చునని యొక పట్టిక కూర్చెననియు, బంగాళమున చిరకాలము బోధించిన వెస్టుదొర 1953లో సుమారు 2000 మాటల పట్టిక ప్రకటించెననియు ఆమె చెప్పిరి. ఆ రెండవ పట్టికలోని మాటలు నాకు దాదాపన్నియు వచ్చును. ఉగ్రాణము నిండియున్నది; పొయ్యి వెలిగించుట రాదు. ఇంటికి వచ్చి మావారితో ననగా, వారు బ్రౌనుదొర కథ గుర్తుచేసిరి. 1817లో మదరాసు చేరిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను మన భాష మొదట నేర్చినది ఉద్యోగమునకై. 1820లో కడపకు వచ్చెను. 1852 నాటికి నిఘంటువును అచ్చువేసెను. కాని యాయన తెలుగు ఇంగ్లీషు సంభాషణల పుస్తకము గూడ కూర్చెనన్న సంగతి నాకు నచ్చినది. అంతటి పండితుడును నిత్యవ్యవహారపు మాటలను తక్కువగా చూడలేదు. నేనెవతెను?

ఇక నా యగచాట్లు. ఒకనాడు, ఉదయమునుండి ఏమి చేయుదురో చెప్పుడనిరి. నేను కూర్చుకొనిన వాక్యము తెలుగున ఇట్లుండును: తెల్లవాఱుజామున లేచి, వాకిలి యూడ్చి, స్నానము చేసి, పాలు కాచి, పిల్లలను లేపి, తలలు దువ్వి, డబ్బాలు కట్టి, వారిని బడికి పంపి, అత్తగారికి మందిచ్చి, అప్పుడు కాఫీ త్రాగుదును. మన భాషలో ఇది ముచ్చటైన యొక వాక్యము. క్త్వార్థకములు పూసలవలె కూర్చికొని పోయి తుదను ముడివేయుదుము. దీనినే యింగ్లీషు చేయగా, ‘హావింగ్’ అను మాట తొమ్మిదిమాఱులు వచ్చెను. నేనెప్పుడు కాఫీ త్రాగుదునా యని తరగతి యంతయు ఊపిరి బిగబట్టి చూచెను. అధ్యాపకురాలు నవ్వి, “మీ కాఫీ చల్లారిపోయింది” అను నర్థము వచ్చునట్లు ఏదో యనిరి. ఆ భాషలో కర్త వెంటనే క్రియ రావలెను. చిన్నవాక్యము చెప్పి ఆగి, మఱల నింకొకటి యెత్తుకొనవలెను. క్రియను చివరకు దాచుకొను మనకు ఇది మొదట ముక్కలు ముక్కలుగా కనబడును. ఒక నెల యైనపిమ్మట, కూరగాయలు తరుగుచు నాలో నేనే “లేచితిని. ఊడ్చితిని. కాచితిని” అనుకొనుచుండగా మా యత్తగారు నాకు దృష్టి తగిలినదేమో యని అనుమానించిరి.

ఉచ్చారణ వేఱొక యడవి. మన మాటలు అచ్చుతో ముగియును గనుక బస్సు, కారు, బ్యాంకు అని చేర్చి పలుకుదుము. ఆ తోక కత్తిరించుట పదిదినముల పని. అంతకంటె కష్టమైనది ఊనిక. ‘ఫోటోగ్రాఫ్’ అనునప్పుడు మొదటి యక్షరముపై, ‘ఫటాగ్రఫీ’ అనునప్పుడు రెండవదానిపై, ‘ఫోటోగ్రాఫిక్’ అనునప్పుడు మూడవదానిపై బరువు పడవలెనట. ఊనిక లేని యక్షరము నలిగిపోవును. దీర్ఘమైనది గురువు, హ్రస్వమైనది లఘువు అని నేర్చిన నాకు ఇది న్యాయముగా తోచలేదు. అయినను నాకు తెలిసిన పద్ధతి యదొక్కటే గనుక, పుస్తకములో ప్రతిమాటపైనను ఊనిక యున్నచోట గురువు కొమ్ములును, లేనిచోట లఘువు నిలువుగీతయు పెట్టుకొంటిని. ఈ కొమ్ములేమిటని అధ్యాపకురాలడిగిరి. ఛందస్సును గూర్చి ఇంగ్లీషున వివరింపబూని, పావుగంట మాటలాడితిని. కూర్చుండిన పిమ్మట గాని, ఎన్నడును లేనంతసేపు ఆ భాషలో మాటలాడితినని నాకు తట్టలేదు. యెమెను పిల్లయు ఆనాటినుండి తన మాటలపై కొమ్ములు పెట్టసాగెను.

మర్యాద విషయమున మాత్రము నా తెలుగే నాకు తోడు వచ్చెను. మనము ప్రతిమాటకు ‘దయచేసి’ అనము. అది రైలుస్టేషనులోని ప్రకటనలకే తగును. మన మర్యాద క్రియాపదములోనే యుండును: చెప్పు, చెప్పండి. వారికి నీవు, మీరు అను భేదము లేదు. కావున ఆజ్ఞను ప్రశ్నగా మార్చి, క్రియకు భూతకాలపు రూపు తొడిగి అడుగుదురు: ‘కుడ్ యూ’. ఇప్పుడడుగు పనికి గడచిపోయిన కాలమేల? తరగతిలో ఎవరికిని తెలియలేదు. నాకు మా నాన్నగారి యరుగు గుర్తువచ్చినది. పొరుగువారు వచ్చి యెదుట నిలుచుండి, “తమర్ని ఒక మాట అడుగుదామని వచ్చాను” అనెడివారు. ఇంకను అడుగనే లేదు, అయినను ‘వచ్చాను’. ఒక యడుగు వెనుకకు వేసి యడుగుట రెండు భాషలలోను వినయమే. ఈ సంగతి చెప్పినపుడు అధ్యాపకురాలు దానిని తమ పుస్తకములో వ్రాసికొనిరి. ఇది కొంచెము గొప్పలకై చెప్పుచున్నానని చదువరులు గ్రహించియే యుందురు.

మావారిని ‘హి’ యనుటకు మాత్రము చాలకాలము నాలుక రాలేదు. ఆయన, అతడు, వాడు, ముగ్గుఱకును అదొక్కటే మాట! కారు నడుపు పిల్లవాడును హి, మా నాన్నగారును హి.

వీథులలో అమ్ము ‘ముప్పది దినములలో ఇంగ్లీషు’ పుస్తకములను కొనదలచిన సోదరీమణులకు ఒక్కమాట. అవి చెడ్డవి కావు. కాని పుస్తకము ఎదురు ప్రశ్న వేయదు. మనలను తడబడజేయునది ఎదుటివారి రెండవ ప్రశ్నయే. నాకు ఆ రెండవ ప్రశ్న వేయువారు ఇంటిలోనే దొరకిరి. కంఠసాధన చెప్పు నామె మావారికి గంటకు పది నిమిషములు మాత్రమే మాటలాడుట కనుమతి యిచ్చియుండెను. ఆ పది నిమిషములను వారు బడిపిల్లలకై దాచుకొని, నాతో పలకమీదనే ప్రశ్నోత్తరములు జరిపిరి. వారు ఇంగ్లీషున వ్రాయుదురు. నేను వంట చేయుచు బిగ్గరగా బదులు చెప్పుదును. పదునొకండేండ్ల మా పెద్దపిల్ల న్యాయాధిపతి. వారు కావలెనని వంకరప్రశ్నలే వేయుదురు: పప్పులో ఉప్పు వేయలేదు గదా? పాలవాడు రాలేదు గదా? నాకింకను కోపము తగ్గలేదు గదా? మొదట పదింటిలో ఎనిమిది తప్పులు. అధ్యాపకురాలు చెప్పిన యుపాయమే నన్ను గట్టెక్కించినది: యస్, నో యని యూరకుండక క్రియను తిరిగి చెప్పుడు. ‘నో, హి హేజంట్.’ ఆలోచించి చూడగా మన సహజమైన యలవాటు నదియే. “తిన్నావా?” అన్నచో మనము ఔననము; “తిన్నాను” అందుము. పొరుగుభాషలో తప్పిపోయినప్పుడు మన యింటి త్రోవయే కనబడెను.

ఏప్రిలులో బీమా సంస్థవారు ఆ రెండవనాటి గది యద్దెను త్రోసిపుచ్చిరి. ఈమాఱు నేనే ఫోను చేసితిని. చేతులు చెమర్చెను. ఆవలివాని మాట రెండుమాఱులు తెలియక, మఱల చెప్పుడని యడిగితిని, ఆకాశము విఱిగిపడలేదు. డాక్టరు ఏమి యడిగెనో, నేనేమి చెప్పితినో, నా భాషలో దాని యర్థమేమో, వారి భాషలో నేమైనదో, చిన్నచిన్న వాక్యములతో చెప్పితిని. ఆవలివాడు సాంతముగా విని, నియమము ప్రకారము ఇయ్యవీలులేదని సౌమ్యముగా చెప్పెను. రూపాయి రాలేదు. ఫోను పెట్టివేసినప్పుడు తెరమీద పదునొకండు నిమిషములని కనబడెను. ఎదురింటి కుఱ్ఱవానికి ఆ సాయంకాలము జంతికలు పంపితిని, కారణము చెప్పకుండ.

మే నెలలో తరగతులు ముగిసెను. జూనులో బడులు తెఱచిరి. మెడకు తగిలించుకొను చిన్న మైకు కొని యిచ్చితిని. గొంతెత్తరాదని వైద్యులు వ్రాసి యిచ్చిరి. పదిదినములు మైకు మెడలో నున్నది. పిమ్మట సంచిలో నున్నది. జూలైలో వారి శిష్యుడొకడు మా యింటికి వచ్చి, సారుగారి కేక ఇప్పుడు మూడవ గదిదాక వినబడుచున్నదని ఆనందముతో చెప్పిపోయెను.

ఆగస్టులో కంఠపరీక్షకై మఱల ఆసుపత్రికి పోతిమి. పెద్దవైద్యులు లేరు. వారి సహాయకురాలు, మన భాష రాని పడుచు, గొట్టముతో చూచి, తంత్రి కొంచెము ఎఱ్ఱబాఱినదనెను. మావారికి నోట మందుజల్లి యుండుటచే పలుకరాదు. ఆమె నావైపు తిరిగి, తరగతిలో అఱచుచుండలేదు గదా యని యింగ్లీషున అడిగెను. అదే వంకర. మావారు ఆమెకు కనబడకుండ నావైపు చూచి, కాదనుమన్నట్లు మెల్లగా తల యాడించిరి.

“యస్” అంటిని.

ఆమె నవ్వెను. మనవారి యస్‌లతో దినదినము వేగుచున్న పిల్ల కాబోలు. “అఱచుచున్నారని యస్సా, అఱచుట లేదని యస్సా?” అని విడదీసి యడిగెను.

“యస్, హి హేజ్. ఎవ్రీ డే,” అంటిని.

రెండు వారములు సెలవు, రోజును కంఠసాధన, మైకు లేనిదే తరగతిలో అడుగు పెట్టరాదు. ఇట్లు వ్రాసి యిచ్చెను. ఆటోలో మావారు చాలసేపు రహదారివైపే చూచుచు కూర్చుండిరి. మందుపట్టు విడిచిన పిమ్మట, కోపము నటించుచు, మెల్లగా అడిగిరి:

“ఇకమీద నాతో ఆసుపత్రికి రావు గదా?”

“యస్” అంటిని.